మొదటి పెనం

మా సందు చివర ఒక మిఠాయి కొట్టుంది. బందరులో మిఠాయి కొట్టు లేని సందు ఎక్కడుంది లెండి. ఈ ఉదయం అక్కడెవరో పాకం మాడ్చారు. పప్పు అడుగంటితే ఒక వాసన, పాలు మాడితే ఒక వాసన. బెల్లం పాకం మాడితే మాత్రం ముందు తియ్యగా వచ్చి, ఆ వెంటనే గొంతులో చేదుగా పట్టుకుంటుంది. కిటికీ రెక్కలు ధడాలున మూసినా పోలేదు. కాఫీ తెచ్చిన మా కోడలు, పొద్దున్నే ఎవరిమీద అత్తయ్యా ఆ కోపం అని అడిగింది. ఎప్పుడో పోయిన మా మావగారి మీద అన్నాను. ఆ పిల్ల నవ్వింది, నేను నవ్వలేదు. పోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదంటారు. ఆ మాట మొదట అన్నది కూడా మా మావగారిలాంటి వాళ్ళే అయ్యుంటారు.

నా పెళ్ళి ఆంధ్రరాష్ట్రం వచ్చిన కొత్తలో జరిగింది. పుట్టింది బందరు, మెట్టింది పెదపారుపూడి దగ్గర ఒక పల్లె. మా అత్తవారికి వరిపొలంతో పాటు కాలవ గట్టు కింద కాస్త చెరుకు తోట ఉండేది. తోట పక్కనే గానుగ, దాని వెనక నేలలో తవ్విన పెద్ద పొయ్యి, పొయ్యి మీద ఇనప పెనం. ఎద్దులు గానుగ తిప్పితే రసం వస్తుంది, రసం పెనంలో మరిగితే పానకం అవుతుంది, ఇంకా మరిగితే బెల్లం. పానకం అంటే ఇప్పటి పిల్లలు శ్రీరామనవమి పందిట్లో మిరియాలు వేసి ఇచ్చేదే అనుకుంటారు. అది వేరు. చెరుకు పానకం తేనెలా జారుతుంది. బెల్లం కాకముందే పెనం దించి, చల్లార్చి జాడీల్లో పోసుకుంటారు. దిబ్బరొట్టె ముక్క అందులో ముంచుకుని తింటుంటే మధ్యలో మాట్లాడబుద్ధి కాదు.

ఎప్పుడు దించాలన్నదే అసలు విద్య. ముందు దించితే పలచనై నెల తిరక్కుండా పులుస్తుంది, ఆలస్యమైతే జాడీలోనే గడ్డకడుతుంది. మా ఇంట్లో ఆ విద్య మా తోడికోడలు మాణిక్యక్కది. మా ఆయన అన్నగారి భార్య. నేను కాపరానికి వచ్చేనాటికే ఆ బావగారు చెరుకు తోటలో పాము కరిచి పోయారు. పిల్లల్లేరు. పొడగరి, గొంతు పెద్దది, గట్టు మీద నిలబడి పిలిస్తే కాలవ అవతల ఎద్దులు కూడా తలెత్తేవి. నన్ను మొదటిసారి పెనం పక్కన కూర్చోబెట్టి, "చూడకు రాజ్యం, విను" అంది. ఏం వినాలో నాకు తెలియలేదు. "రసంగా ఉన్నంతసేపూ గోలగా మరుగుతుంది. పానకం అయ్యే వేళకి గొంతు తగ్గించి గొణుగుతుంది. మన మావయ్యగారు కోపం వచ్చినప్పుడు గొణిగినట్టు" అంది. నేను పకపకా నవ్వాను. అటువైపు ఎండిన చెరుకు పిప్పి పొయ్యిలోకి తోస్తున్న మావగారు నిజంగానే ఏదో గొణిగారు. బందరులో వీధి దాటాలంటే తమ్ముణ్ణి తోడు తీసుకెళ్ళే నాకు, ఒక ఆడమనిషి అంతమంది మగవాళ్ళ మధ్య నిలబడి మంట పెంచమనీ తగ్గించమనీ పురమాయించడం, వాళ్ళు మారుమాట లేకుండా చెయ్యడం చూస్తే భయమూ వేసింది, గర్వమూ కలిగింది.

అయితే నేను చూసింది రెండో రోజు పని. మొదటి రోజు సంగతి మరుసటి ఏడు గాని నాకు తెలియలేదు.

ఏటా మొదటి రోజున దించేది ఒక్క పెనమే. ఆ మొదటి పెనానికి పొయ్యి ముట్టించడం ఆ ఇంట్లో పెద్దకోడలి వంతు. పొయ్యికి పసుపు రాసి, బొట్లు పెట్టి, వినాయకుడికి దణ్ణం పెట్టుకుని ఆమె నిప్పు వెయ్యాలి. ఆ పెనం దిగాక ఆమె చేతుల మీదుగానే ఊళ్ళోవాళ్ళకి పంచాలి. బావగారు బతికున్నన్నాళ్ళూ అది అక్కే చేసింది. ఆయన పోయాక మా అత్తగారు చేశారు. నేను కాపరానికి వచ్చిన రెండో ఏడు నన్ను చెయ్యమన్నారు. పసుపు గిన్నె పట్టుకుని, అక్క ఎక్కడుంది అని అడిగాను. అత్తగారు నా చెవి దగ్గర చెప్పారు. అక్క గానుగ పాకలో వెనక గదిలో ఉందట, మొదటి పెనం దిగేదాకా బయటికి రాదట. విధవ మొహం మొదటి పెనం మీద పడకూడదట.

చెరుకు నరికించేది ఆవిడ, మరిగే రసం మీది మడ్డి తీసేది ఆవిడ, వేళ్ళు కాల్చుకునేది ఆవిడ. పానకానికీ గంజికీ తేడా తెలియని నేను పట్టుచీర కట్టుకుని పీట మీద, ఆవిడ తలుపు వెనక. రెండో పెనం నుంచి మాత్రం, అమ్మా మాణిక్యం, కాస్త చూడమ్మా అని పిలుపు. పనికి పనికొస్తుంది, పండక్కి పనికిరాదు. అంత చక్కగా లెక్క ఎవరు కట్టారో గాని, ఆ కట్టినవాడు ఒక్కనాడూ పొయ్యి దగ్గర కూర్చుని ఉండడు.

ఆ సాయంత్రం అక్క దగ్గర ఈ మాట ఎత్తి ఏడ్చాను. ఆవిడ తన పని తాను చేసుకుంటూ, "నా బదులు నువ్వు కోప్పడకు. నాకు కోపం లేదనుకుంటారు" అంది. అప్పుడు నాకు ఆ మాట కటువుగా తోచింది.

మూడో ఏడు అసలు గొడవ. మొదటి పెనం మరుగుతుండగా గానుగ ఎద్దు ఒకటి కాడి తెంచుకుని తోటలో పడింది. మా ఆయనా పాలేర్లూ దాని వెంట పరుగెత్తారు. పెనం దగ్గర మావగారూ నేనూ మిగిలాం. పెనం గొణగడం మొదలుపెట్టిందని నాకనిపించి ఆయనతో అన్నాను. నీకేం తెలుసు, ఇంకా కావాలి అన్నారు. అంతలో వెనక గదిలోంచి అక్క గొంతు వినబడింది. "మావయ్యగారూ, వాసన మారుతోందండీ. మంట లాగించండి." ఆయన విన్నారు. విన్నారని నేను ఏ గుళ్ళోనైనా ప్రమాణం చేస్తాను, ఆయన మెడ నరం కదలడం చూశాను. కాని ఆయన కూర్చున్న చోటి నుంచి కదల్లేదు. మొదటి పెనం నాడు ఆ గదిలోంచి వచ్చిన మాట విని మంట లాగితే ఆయన పెద్దరికం ఏం కావాలి? రెండోసారి పిలిచింది. ఆయన ఇంకో మోపెడు పిప్పి తోశారు. నల్లటి పొగ లేచింది. అప్పుడు తలుపు తెరుచుకుంది. అక్క వచ్చి కొంకి కర్రతో మండుతున్న పిప్పి అంతా బయటికి లాగి, బిందెడు చన్నీళ్ళు పొయ్యి నోట్లో కుమ్మరించింది. సగం పెనం అడుగంటింది, సగం దక్కింది.

ఎద్దుని పట్టుకుని అందరూ వచ్చేసరికి మావగారు తలపాగా విప్పి దులుపుతూ, "అందుకే ఆ మొహం కనపడకూడదన్నాను. ఇప్పుడు చూడండి" అన్నారు. మాడాక వచ్చిన మనిషి వల్ల మాడిందట! ఆడలేక మద్దెల ఓడు అనేవాడు కూడా కనీసం మద్దెల ముందు నిలబడి అంటాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నమ్మారు కూడా. నా కళ్ళతో చూసింది చెప్పబోతే అక్క నన్ను చేత్తో ఆపింది. మసి చేతులతో అలాగే ఆయన ఎదురుగా నిలబడి, "మావయ్యగారూ, మాడాక నేనొచ్చానా, నేనొచ్చాక మాడిందా? ఒక్కమాట చెప్పండి" అని అడిగింది. ఆయన తలపాగా మళ్ళీ చుట్టుకోసాగారు. అడిగిన మాటనే ఇంకోసారి, గొంతు పెంచకుండా అడిగింది. ఆయన ఎద్దు వైపు తిరిగి పాలేరుని తిట్టడం మొదలుపెట్టారు.

"సరేనండి. మొదటి పెనానికి పనికిరాని మొహం రెండో పెనానికి మాత్రం ఎందుకు? ఇక రాను" అని అక్క ఇంటికి నడిచింది.

అన్నట్టుగానే రాలేదు. ఇంట్లో వండింది, పాడి చూసింది, తోట వైపు కన్నెత్తలేదు. నరికిన చెరుకు ఎండలో పడి పులుస్తోంది. మావగారు తీయించిన పానకం ఒక పెనం నీళ్ళు, ఒక పెనం రాయి. మా ఆయన బతిమాలాడు. అత్తగారు గడ్డం పట్టుకుని, ఎప్పట్లాగే రెండో రోజనుకుని రా తల్లీ అని ఏడ్చారు. అక్క ఆవిడ కన్నీళ్ళు తన కొంగుతోనే తుడిచి, వస్తే మొదటి రోజే వస్తాను అత్తయ్యా అంది. అప్పుడర్థమైంది నాకు, కోపం అంటే కేకలు కాదని. నేనైతే ఆ పూటే అరిచి, మర్నాడు ఏడ్చి, మూడోనాడు పెనం దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని. ఆవిడ మాత్రం ఒకే మాట మీద ఆ కాలమంతా నిలబడింది.

మావగారు కుందేటికి మూడే కాళ్ళన్నారు. మరుసటి ఏడు పొయ్యి పూడ్పించి, తోట దున్నించి వరి వేయించారు. అత్త మీద కోపం దుత్త మీద తీసినట్టు, కోడలి మీద కోపం పొయ్యి మీద తీశారు. ఒక విధవ నిప్పు వెయ్యడం కంటే ఇంట్లో తీపి లేకుండా పోవడమే నయమనిపించింది ఆయనకి. అక్క ఊళ్ళో పెద్దమనుషుల్ని పిలిపించి పెనిమిటి వాటా అడిగింది. మురుగు కాలవ పక్క పల్లపు నేల చెక్క ఒకటి విదిల్చారు. ఎందుకూ కొరగాదనే ఇచ్చారు. ఆవిడ అదే చాలంది. గట్లు ఎత్తించి, చెరుకు వేసి, పొయ్యి తవ్వించింది.

ఆ మొదటి పెనం నాడు మా ఆయన వద్దంటున్నా నేను వెళ్ళాను. అక్క పొయ్యికి పసుపు రాసింది. బొట్టు లేని నుదురు దాచుకోకుండా, కొంగు నడుముకి దోపుకుని తానే నిప్పు వేసింది. పెనం దిగగానే దారిన పోయేవాళ్ళని ఆపి ఇవ్వడం మా వైపు ఆనవాయితీ. ఆరోజు దారిన పోయేవాళ్ళు దారి మార్చుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. అక్క అరిటాకులో వేడి పానకం పోసి నా చేతికిచ్చి, "ఏడుస్తూ తింటే రుచి తెలియదే. తిని ఏడువు" అంది. మధ్యాహ్నానికి పొరుగూరి బండివాళ్ళు ఆగారు. వాళ్ళు వేళ్ళు నాక్కుంటుంటే చూసి మా ఊరివాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. వారం తిరక్కుండా మా ఇంట్లో దిబ్బరొట్టెలోకి పానకం వచ్చింది. మావగారు అది ఎక్కడిదని అడగలేదు, గిన్నె ఖాళీ అయ్యాక ఇంకొంచెం వెయ్యమన్నారు.

అక్క పోయి చాలాకాలమైంది. మా ఆయన పోయాక నా నుదుటి బొట్టు తియ్యబోయిన చేతుల్ని నేను తియ్యనివ్వలేదు, అది వేరే కథ. మొన్న మా మనవరాలి పెళ్ళిలో, ముందురోజంతా నేనే కూర్చుని లడ్లు చుట్టాను. ముహూర్తం వేళకి ముందు వరసలో కూర్చుంటే, పెళ్ళికొడుకు మేనత్త నా పక్కకి వంగి, "పిన్నిగారూ, ఏమనుకోకండి, మీరు కాస్త వెనక్కి కూర్చుంటే బాగుంటుందేమో" అంది మెత్తగా. నేను గొంతు పెంచలేదు. నిన్న లడ్డు బాగుందన్నారు కదమ్మా, అది ఏ చేతులతో చుట్టారనుకున్నారు అని అడిగాను. ఆవిడ చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. ఇంకోసారి అడిగాను. ఆవిడ లేచి వెనక వరసలోకి వెళ్ళి కూర్చుంది. మేళం జోరందుకుంది. పిల్ల తల మీద మొదటి అక్షింతలు నేనే వేశాను.