బరి బయటి కేక

మొన్న మా మనవరాలు టీవీలో మంచు మీద జారుతూ నాట్యం చేసే ఒక అమ్మాయిని చూపించింది. ఎన్నో పతకాలు గెలిచిందట, ఇప్పుడు మడమ నొప్పితో ఇంకా పోటీ చేయాలా, ఇంతటితో చాలించాలా అని తేల్చుకోలేకపోతోందట. అది విన్నప్పటి నుంచి నాకు కుర్చీలో కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. మంచును ఫ్రిజ్‌లో తప్ప చూడని కోడుమూరు మెట్ట రైతును నేను, అయినా ఆ అమ్మాయి అవస్థ నాకు తెలుసు.

బండలాగుడు పోటీల గురించి నా వయసు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. తిరునాళ్ళలో ఎద్దుల జతకు పెద్ద రాతిబండ కడతారు, ఇచ్చిన సమయంలో ఎక్కువ దూరం లాగిన జతదే గెలుపు. మా అన్న పెంచిన జతను నేనే తోలేవాణ్ణి. వాటికి చెర్నాకోల అవసరమే లేదు, నేను సాగదీసి ఒక కేక వేస్తే చాలు, నేనున్న వైపుకు మెడలు వంచి వచ్చేవి. అందుకు ఎంత మురిసిపోయేవాణ్ణో! బనగానపల్లె అయినా, ఎర్రగుంట్ల అయినా లారీలో వాటి పక్కనే నిలబడి పోయేవాణ్ణి. అలా వాటితో పాటు పరుగెత్తీ పరుగెత్తీ కుడి మోకాలు చెడింది. ప్రతి ఏడూ ఇదే ఆఖరని చెప్పడం, డప్పు వినబడగానే మోకాలికి గుడ్డ చుట్టుకోవడం. ఆ మాటకు నా భార్య నవ్వడం కూడా మానేసింది.

చివరికి ఒక ఎండాకాలం నడవలేని స్థితి వచ్చి, జతను బామ్మర్దికి అప్పగించాను. వాడు ఆర్నెల్లు వాటిని మేపి, కడిగి, తన గొంతుకు అలవాటు చేసుకుని మొదటి పోటీకి దిగాడు. నేను జనంలో కూర్చున్నాను గానీ మనసంతా బరిలోనే ఉంది. మా జతే ముందుంది. మలుపు దగ్గర ఎడమెద్దు కాస్త తగ్గింది. వాడు సముదాయిస్తూనే ఉన్నాడు, ఇంకొక్క క్షణం ఓపిక పడితే కదిలేదే, నేను పట్టలేక లేచి నిలబడి కేక వేశాను.

రెండెద్దులూ నా గొంతు వచ్చిన వైపుకు తిరిగి, బరి గీత దాటి, బండతో సహా జనం మీదికి వచ్చాయి. అదృష్టం కొద్దీ ఎవరికీ దెబ్బ తగల్లేదు. గీత దాటిన జత మాత్రం పోటీలో లేనట్టే. అవి వచ్చి నా చేయి నాకుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

బామ్మర్ది తిట్టలేదు. “బావా, నువ్వు తోల్తానంటే తోలు, నేను పక్కకి పోతా. ల్యాకుంటే ఇంగ ఈడికి రావాకు. తోలేదీ, బయట నుంచి అరిచేదీ రొండూ నువ్వే అయితే నేను యాడ నిలబడల్ల?” అన్నాడు.

“నువ్వే తోలప్పా, నేను రాను” అన్నాను. నేను నిజంగా మానుకున్నది ఆ రోజే.

ఆ తర్వాత వాడి చేతిలో ఆ జత రెండు తిరునాళ్ళలో గెలిచింది. ఆ రెండు రోజులూ నేను వాకిలికీ పెరటికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. ఇప్పుడు ఆ ఎద్దులూ లేవు, దుక్కి అంతా ట్రాక్టరుతోనే. పోటీలు మాత్రం సెల్‌ఫోన్‌లో చూపిస్తున్నారు. ఏ ఎద్దయినా మలుపు దగ్గర తగ్గితే నాకు తెలియకుండానే కేక వేస్తాను. ఇప్పుడు ఎంత గట్టిగా అరిచినా వద్దనేవాళ్ళు లేరు. ఏ ఎద్దూ నా వైపు తిరగదు.