పెద్దిరాజు గారి నెత్తి మీద నాట్లు

మా సరోజినీ నగర్ క్వార్టర్లలో పెద్దిరాజు గారి బట్టతల అందరి ఆస్తి. కూరగాయల బండి భయ్యా కూడా దాని మీద జోకు వేసేవాడు. ఆయన భీమవరం వైపు మనిషి, సెంట్రల్ గవర్నమెంటులో అసిస్టెంటు. నవ్వేవాళ్ళతో కలిసి తనూ నవ్వేవారు గానీ, ఫొటో అనగానే వెనక వరసలోకి జారుకునేవారు.

తొంభై ఆరులో ఎవరో డాక్టరు తల వెనక జుట్టును కుదుళ్ళతో సహా తీసి ముందు నాటుతున్నాడని విని, వెళ్ళి చేయించుకొచ్చారు. నాటినవి కొన్ని వారాలకే రాలిపోయాయి. పక్క క్వార్టరు జనార్దనరావు గారికి పండగే. ఆయనదీ బట్టతలే, కాకపోతే దాన్నొక హోదాలా మోసేవారు.

"వెనక జుట్టు వెనకదేనండీ రాజుగారూ. ముందుకు తెచ్చి పెడితే మొహమాటానికి నాలుగు రోజులుంటుంది, పోతుంది. ఆ డాక్టరువన్నీ కోతలు."

"నాట్లేసిన పైరు ముందు వాడిపోయి, తర్వాత తిప్పుకోదేంటండీ? ఇదీ అంతే. కుదురు లోపలే ఉందన్నాడు."

"మీ నెత్తి మీద ఏ కాలవ పారుతోందని?"

చలికాలానికి పైరు తిప్పుకుంది. కుచ్చులు కుచ్చులుగా, కాస్త బ్రష్షులా ఉన్నమాట నిజమే. అయినా ఆయన జేబులో దువ్వెన చూసి నాకు ముచ్చటేసింది. జనార్దనరావు గారు ఊరుకుంటేగా. "ఒక్కసారి గొరిగిస్తే మళ్ళీ మొలవదు, చూడండి" అన్నారు.

సరిగ్గా అప్పుడే పెద్దిరాజు గారి భార్య మాణిక్యం గారు బయటపెట్టారు. "ఏవండీ, మీకు జుట్టొస్తే కొండ మీద తలనీలాలిప్పిస్తానని మొక్కుకున్నానండీ."

పెద్దిరాజు గారు కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. "జుట్టు రావాలని మొక్కి, ఆ జుట్టే ఇస్తానన్నావా?"

"మరింకేమిస్తాం? మీకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే కదా."

సెలవు లేదన్నారు, టిక్కెట్లు దొరకలేదన్నారు. మొక్కు ఎగ్గొట్టే ధైర్యం లేక చివరికి వేసవిలో బయల్దేరారు. కత్తి నుదుటి దగ్గరకొచ్చినప్పుడు గట్టిగా కళ్ళు మూసుకున్నారట. నిజంగానే భయపడ్డారు పాపం.

తిరిగొచ్చాక మాణిక్యం గారు రోజూ పొద్దున్నే ఆయన తల తడిమి చూసేవారు. జనార్దనరావు గారు టీ వంకతో వచ్చి గుండు కేసే చూస్తూ కూర్చునేవారు. ఒకరోజు ఆవిడ చెయ్యి నుదుటి పైన ఆగిపోయింది.

"గరుగ్గా తగులుతోందండీ. వెనకెలా ఉందో ముందూ అలాగే ఉంది."

పెద్దిరాజు గారు తనూ తడిమి చూసుకున్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి. జనార్దనరావు గారు కూడా లేచొచ్చి వేళ్ళతో రాసి చూశారు. "అచ్ఛా" అన్నారు.

మాణిక్యం గారు మెల్లగా అన్నారు: "ఇంకో మాటండీ. మళ్ళీ రాదేమోనని నాకూ భయమేసి, వస్తే మళ్ళీ ఇస్తామని అక్కడే మొక్కేశాను."

పెద్దిరాజు గారు పకపకా నవ్వేశారు.

"వచ్చే వేసవికి రిజర్వేషన్ చేయిస్తాలే. ఈసారి కళ్ళు తెరుచుకునే కూర్చుంటాను."