పేర్లు వినపడే హాలు

2023 ఫిబ్రవరి. హిందూపురంలో అప్పుడే కొత్తగా తెరిచిన ఒక ఏసీ ఫంక్షన్ హాలు. ఒక ప్రైవేటు హైస్కూలు వాళ్లు పదో తరగతి పిల్లలకు గ్రాడ్యుయేషన్ డే పెట్టుకున్నారు. ఆ స్కూలుకు హిందూపురంలో ఒక బ్రాంచి, ధర్మవరంలో ఒక బ్రాంచి ఉన్నాయి. రెండు ఊళ్ల పిల్లలకూ కలిపి ఒకటే వేడుక. నల్ల గౌను, చదరపు టోపీ వేసుకుని పిల్లలు వరుసగా నిలబడతారు. పేరు పిలవగానే వేదిక ఎక్కి సర్టిఫికెట్ అందుకుంటారు. ఒకప్పుడు కాలేజీలకే ఉండిన ఈ పద్ధతి ఇప్పుడు మా పక్క హైస్కూళ్లకూ వచ్చింది.

నాది సౌండ్ పని. మా నాయన పెళ్లిళ్లకు మైకుసెట్టు అద్దెకిచ్చేవాడు. నేను దాన్నే పెంచి మిక్సర్లు, పెద్ద స్పీకర్లు కొన్నాను. మిక్సర్ అంటే మైకుల నుంచి వచ్చే గొంతులన్నిటినీ ఒకచోట చేర్చి, దేన్ని పెంచాలో దేన్ని తగ్గించాలో చూసే పెట్టె. దాన్ని హాలు వెనక పెట్టుకుంటాం. జనానికి ఎలా వినపడుతోందో మాకూ అలాగే వినపడాలి గదా.

ఆ రోజు చివరి వరుసలో, నా మిక్సర్ పక్క కుర్చీలో, యాభై ఏళ్లాయన ఒకరు కూర్చున్నారు. తెల్లచొక్కా, కొత్త పంచె. భార్య కూడా వచ్చింది గానీ, వెనక ఏమీ అర్థం కావడం లేదని, ఫోనుతో ఫొటో తీసుకుంటానని ముందుకు వెళ్లిపోయింది. ఆమె ఒక్కతే కాదు, సగం మంది లేచి వేదిక ముందు గుంపు కట్టారు. కాసేపటికి ఆయన నా వైపు తల తిప్పి అడిగారు.

"ఏమప్పా, ధర్మవరం పిల్లోల్లను పిలుస్తాండారా?"

"పిలుస్తున్నారన్నా. మీ బిడ్డ పేరేమి?"

"లావణ్య."

మిక్సర్ మీద అంటించుకున్న జాబితా చూశాను. ఆ పేరు దాటి అప్పటికి ఏడు పేర్లయ్యాయి. వేదిక దిగి సర్టిఫికెట్ పట్టుకుని ఆ అమ్మాయి తన కుర్చీలో కూర్చుని కూడా ఉంటుంది.

"అయిపోయిందన్నా," అన్నాను.

"పిలిచినారా?" ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీదే ఉండిపోయాయి. "నాకు వినపడలేదే."

అప్పుడు గమనించాను, ఆయన కళ్లు నన్ను చూడడం లేదని. ఆయనకు చూపు లేదు. బిడ్డ వేదిక ఎక్కిందని తెలియడానికి ఆయనకున్నది ఆ ఒక్క పిలుపే. అది ఆయన దాకా రాలేదు. ఎవరికి చప్పట్లు కొట్టాలో తెలియక మొదటి నుంచీ ఒక్కసారీ కొట్టలేదట.

నాకు తోచిందల్లా వాల్యూమ్ పెంచడం. పెంచాను. ఇంకా పాడైంది. ఆ హాలుకు రెండు పక్కలా నిలువెత్తు గాజు, కింద గ్రానైటు, పైన గుమ్మటం. మాట గోడకు తగిలి వెనక్కొస్తుంది. ఒక పేరు గాలిలో మోగుతుండగానే రెండో పేరు దాని మీద పడుతుంది. మా పనిలో దీన్ని రివర్బ్ అంటారు. పాటకు కొంచెం ఉంటే బాగుంటుంది, పేరుకు ఉంటే పేరు పోతుంది. ఇదంతా నాకు తెలియనిది కాదు. హాలు స్కూలువాళ్లు ఎంచుకున్నారు, మనకెందుకులే అని ఊరుకున్నాను. అదీ నేను చేసిన తప్పు.

ఆయన పేరు నరసింహులు. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవారు. కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు వచ్చి ఎనిమిదేళ్ల కిందట చూపు పోయింది. ఇప్పుడు భార్య మగ్గం మీద కూర్చుంటే ఆయన కండెలు చుట్టిస్తారు. మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడె లోపల పెట్టే దారపు చుట్టలవి. ఇవన్నీ ఆ రోజు సామాన్లు సర్దుకుంటుండగా ఆయన భార్యే చెప్పింది. చిన్నకూతురు ప్రణతి అదే స్కూల్లో ఎనిమిదో తరగతి అని కూడా చెప్పింది.

రెండేళ్లు గడిచాయి. 2025 జనవరిలో ఆ స్కూలు ప్రిన్సిపాల్ సునంద మేడం నన్ను పిలిపించారు. కచ్చితమైన మనిషి. ఫంక్షన్ మొదలు కావాల్సిన నిమిషానికి మొదలు కావాలనే రకం.

"బాషా, గ్రాడ్యుయేషన్ డే మళ్లీ అదే హాల్లో పెడుతున్నాం. తేదీ రాసుకో."

"ఆ హాలు వద్దు మేడం."

ఆమె తలెత్తి చూశారు. "ఎందుకు? ఫొటోలు ఎంత బాగా వచ్చినాయో చూడలేదా? అడ్మిషన్లప్పుడు అందరూ ఆ ఫొటోలే అడుగుతారు."

"పేర్లు వినపడవు మేడం."

"నువ్వు సౌండ్ చూసుకో. హాలు సంగతి నేను చూసుకుంటా."

మామూలుగా అయితే అక్కడితో ఆగేవాణ్ని. ఏటా పిలిచే స్కూలు, చెడగొట్టుకోవడం ఎందుకు? కానీ ఆ ఏడాది పదో తరగతి ధర్మవరం జాబితాలో ప్రణతి అనే పేరు ఉంటుందని నాకు తెలుసు. నరసింహులు చిన్నకూతురు. రెండేళ్ల కిందటి సంగతి మేడంకు చెప్పాను. ఆయన అడిగిన మాట, నేను చెప్పిన జవాబు, ఏమీ దాచకుండా చెప్పాను. మళ్లీ అదే హాలైతే ఇంకొకరిని చూసుకోండి, నేను రాలేనని కూడా అనేశాను.

మేడం పెన్ను మూత పెట్టారు. "నేను ముందు వరుసలో కూర్చున్నా. నాకు అన్నీ వినపడినాయి," అన్నారు.

"మీకు పిల్లల పేర్లన్నీ ముందే తెలుసు మేడం. సగం వినపడినా మిగతా సగం మీరే నింపుకుంటారు."

ఆమెకు ఈ మాట నచ్చలేదు. కానీ లేచారు. "పద, ఇప్పుడే చూద్దాం."

హాలు ఆ పూట ఖాళీగా ఉంది. మేడంను చివరి వరుసలో కూర్చోబెట్టాను. హాలు మేనేజర్‌ను వేదిక ఎక్కించి, వాళ్ల చుట్టాల పేర్లు పది మైకులో చదవమన్నాను. మేడం కళ్లు మూసుకుని విని కాగితం మీద రాసుకున్నారు. తర్వాత సరిచూస్తే నాలుగు సరిపోయాయి. జనం నిండితే మోత కొంత తగ్గుతుందని, మనుషుల ఒంటి మీది బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటాయని నేనే చెప్పాను. తగ్గినా పదిలో ఆరు కావచ్చు, అంతే. మేడం ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నారు.

"మరి యాడ పెడదామంటావు?" అని అడిగారు. కోపం వచ్చినప్పుడో, పట్టు వదిలినప్పుడో ఆమెకు ఇంటిమాట వచ్చేస్తుంది. ఆ రోజు ఏదో నాకు తెలియలేదు.

రెండు రోజుల తర్వాత స్కూలు గుమాస్తాను కూడా ఎక్కించుకుని మేడం కారులో ధర్మవరం వెళ్లాం. నరసింహులు ఇంటికి వెళ్లి, హాళ్లు చూడటానికి రమ్మన్నాను.

ఆయన నవ్వారు. "హాలు సూడటానికి నన్ను పిలుస్తాండావా అబ్బా? బాగుండాది."

"చూడటానికి కాదన్నా, వినడానికి."

ఆయన నవ్వు ఆగింది. చొక్కా మార్చుకుని వచ్చారు.

ధర్మవరంలో మేడం అనుకున్న హాలు విశాలంగా, గాలిగా ఉంది. గుమాస్తా వేదిక మీద నుంచి పేర్లు చదివాడు. నరసింహులు చివరి కుర్చీలో కూర్చుని ఒక్కొక్కటే తిరిగి చెప్పారు. ఆరు పేర్లు వరుసగా సరిపోయాయి. మేడం నా వైపు చూసి తల ఊపారు. ఏడో పేరు దగ్గర గూడ్సు బండి కూత వేసింది. పట్టాలు హాలు వెనకే ఉన్నాయి. బండి పోయేదాకా కూర్చున్నాం. రోజుకు ఎన్ని బండ్లు పోతాయని మేడం అక్కడి వాచ్‌మన్‌ను అడిగారు. లెక్కపెట్టడం మానేశాం మేడం అన్నాడతను.

నరసింహులును కూడా వెంటబెట్టుకుని, తిరుగుదారిలో పెనుకొండలో ఆగాం. రెండు ఊళ్లకూ అది మధ్య. అక్కడ ఒక పాత కల్యాణ మంటపం ఉందని నాకు తెలుసు. బయట రంగు వెలిసింది. లోపల పైకప్పు తక్కువ ఎత్తులో, దాని కింద అట్టల సీలింగ్. కిటికీలకు దళసరి తెరలు. వేదిక చిన్నది. మేడం గుమ్మంలోనే ఆగిపోయారు.

"బాషా, ఈడ ఫొటో ఎట్ల తీస్తారు?"

"ముందు వినండి మేడం."

నేను వెంట తెచ్చిన రెండు స్పీకర్లు పెట్టాను. వెనక ఉన్నవాళ్లకు చాలదేమోనని కాస్త గట్టిగానే పెట్టాను. గుమాస్తా మొదలుపెట్టాడు. నరసింహులు రెండు పేర్లు విని చెయ్యెత్తారు.

"తగ్గించప్పా."

తగ్గించాను.

"ఇంగా తగ్గించు."

"వెనక్కి వినపడదన్నా."

"శబ్దం ఎక్కువైతే మాట ఎక్కువైతాదా? మగ్గాల సందులో ముప్పై ఏండ్లు కూసున్నోన్ని. దారం తెగితే ఆ మోతలోనే తెలిసేది నాకు. తగ్గించు, నేను సెప్తా."

ఆయన చెప్పినచోట ఆపాను. సీలింగ్ ఫ్యాన్లలో ఒకటి కీచుమంటోందని, దాన్ని ఆపించారు. తర్వాత గుమాస్తా పది పేర్లు చదివాడు. పదీ తిరిగి చెప్పారు. ఒక పేరు దగ్గర, "ఆ పిల్లోడి ఇంటిపేరు మింగేసినాడు, మల్ల సదవమను," అన్నారు. నిజమే, గుమాస్తా ఇంటిపేరు వదిలేశాడు.

మేడం చివరి వరుసకు వచ్చి ఆయన పక్కన కూర్చుని, తానూ కళ్లు మూసుకున్నారు. ఇంకో ఐదు పేర్లు చదివించారు. లేచి, "వేదిక వెనక తెల్ల పరదా కట్టిస్తాం. ఫొటోలు ఎట్లొస్తే అట్లొస్తాయి," అన్నారు.

మేడం, గుమాస్తా కారులో హిందూపురం వెళ్లిపోయారు, నరసింహులును బస్సులో ధర్మవరం దిగబెట్టడానికి నేను వెళ్లాను. కిటికీ పక్కన కూర్చున్నారు. బస్సు పెనుకొండ దాటింది. తర్వాత ఆయనే మొదలుపెట్టారు.

"ఆ పొద్దు ఇంటికి పోయినాంక మా పెద్దపాప అడిగె. నాయనా, నా పేరు పిలిచేది విన్యావా అని."

"ఏమన్నారన్నా?"

"విన్యా అంటి. శానా బాగా పిలిచినారంటి." ఆయన ముందు సీటు కమ్మీని పట్టుకున్నారు. "బిడ్డతో అబద్ధం సెప్తి. నమ్మింది. అదే నాకు బాధ."

తప్పు నాదన్నా అన్నాను. నీదొక్కనిదే ఎట్లైతాదిలే అన్నారాయన. దిగేటప్పుడు నా భుజం మీద చెయ్యేసి నడిచారు.

ఫిబ్రవరిలో పెనుకొండలోనే గ్రాడ్యుయేషన్ డే జరిగింది. హిందూపురం తల్లిదండ్రులు కొందరు దూరమని సణిగారు. హాలు చూసి మూతి విరిచినవాళ్లూ ఉన్నారు. నేను పెద్ద స్పీకర్లు ఇంట్లోనే వదిలేసి, చిన్నవి నాలుగు తెచ్చి హాలు పొడవునా అక్కడక్కడా పెట్టాను. వెనక ఉన్న రెండు స్పీకర్లకు డిలే పెట్టాను. వేదిక నుంచి వచ్చే మాట, పక్కనున్న స్పీకర్ మాట చెవిలో ఒకేసారి పడేలా వెనక స్పీకర్‌ను రవ్వంత ఆలస్యంగా పలికించడమే డిలే. పేర్లు మొదలయ్యాయి. వెనక నుంచి ఎవరూ లేచి ముందుకు పోలేదు. నరసింహులు చివరి వరుసలో, అటు భార్య, ఇటు పెద్దకూతురు లావణ్య.

ధర్మవరం జాబితా సగంలో ఉండగా, పేర్లు చదువుతున్న టీచరమ్మ పిలిచారు. "దాసరి ప్రణీత."

వేదిక మెట్ల దగ్గర నిలబడిన అమ్మాయి కదలలేదు. తన పేరు కాదనుకుంది. వెనకున్న పిల్ల పొమ్మని తోస్తోంది. అంతలో చివరి వరుస నుంచి నరసింహులు లేచి నిలబడ్డారు.

"ప్రణతి, తల్లీ! ప్రణీత గాదు, ప్రణతి! నా బిడ్డ!"

హాలంతా వెనక్కి తిరిగింది. లావణ్య తండ్రి చొక్కా అంచు పట్టుకుని కూర్చో నాయనా అంటోంది. టీచరమ్మ కాగితం చూసుకుని, నాలుక కరుచుకుని, మైకు దగ్గరికి వంగి అన్నారు. "తప్పయింది. దాసరి ప్రణతి."

ఆ పేరు గోడలకు తగలకుండా, దేనితోనూ కలవకుండా, నా పక్క నుంచి వెళ్లింది. ఆయన నిలబడే చప్పట్లు కొట్టారు. ముందు ఆయనొక్కరే, తర్వాత హాలంతా. ఆ అమ్మాయి మెట్లెక్కుతూ టోపీ జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి వెనక వరుస వైపు ఊపింది. ఆయనకు కనపడదని తెలిసీ ఊపింది. "చెయ్యి ఊపుతాండాది నాయనా," అని లావణ్య చెప్పింది. ఆయనా చెయ్యెత్తారు.

అయ్యాక మేడం నా దగ్గరికి వచ్చారు. మెచ్చుకుంటారనుకున్నాను. "పేరు తప్పు చదివింది హాలు మొత్తం వినింది బాషా. పాత హాల్లో అయితే ఎవరికీ తెలిసేది కాదు," అన్నారు. తర్వాత ఆమే నవ్వారు. నిజానికి ఆ మాటలో నేను నేర్చుకోవాల్సింది ఉంది. రెండేళ్ల కిందట గాజుహాల్లో ఎన్ని పేర్లు తప్పు చదివారో మాకెవరికీ తెలియదు. అక్కడ తప్పూ ఒప్పూ ఒకటే మోతగా పోయాయి. మాట స్పష్టంగా వినపడేచోటు కావాలనుకుంటే, ఆ మాట చదివేవాళ్లను కూడా సిద్ధం చేయాలి.

ఇప్పుడు ఏ స్కూలువాళ్లు హాలు చూడటానికి పిలిచినా ఏసీ, పార్కింగ్, వేదిక అలంకరణ వాళ్లకు వదిలేస్తాను. నేను చివరి వరుసలో కళ్లు మూసుకుని కూర్చుని, నాకు తెలియని పేర్లు పది చదివించుకుంటాను. పదీ వినపడకపోతే ఆ హాలు వద్దని చెబుతాను. రెండుచోట్ల ఆ మాట అన్నందుకు పని పోయింది కూడా. వేడుకకు ముందురోజు రిహార్సల్‌లో ఇంకొకటి చేస్తాను. పేర్లు చదివే టీచరును కింద కూర్చోబెట్టి, పిల్లలను ఒక్కొక్కరినీ మైకు దగ్గరికి పిలిచి ఎవరి పేరు వాళ్లనే చెప్పమంటాను. గంట పడుతుంది. కొందరు సిగ్గుపడి గొణుగుతారు, మళ్లీ చెప్పమంటాను. టీచరు విని, తన కాగితం మీద దిద్దుకుంటుంది.