థేడీ చేలో పడుకున్నవాళ్ళు

బాలినమక్‌లో థేడీ గ్రెహన్‌కు ఉన్నవల్లా ఒక చేను, చెప్పుకోవడానికి ఒక యుద్ధం. తాతల కాలంలో ఫ్రెంచివాళ్ళను నమ్ముకుని ఇంగ్లీషు దొరల మీద తిరగబడ్డ రైతులు ఆ కొండవాలులోనే ఓడిపోయారు. దారిలో తినడానికి జేబుల నిండా బార్లీ గింజలు పోసుకొచ్చారనీ, పాతిపెట్టినచోటల్లా మరుసటేడు బార్లీ మొలిచిందనీ ఊళ్ళో అందరికీ తెలుసు. అలాంటి చోట ఎవరూ నాగలి పెట్టరు.

థేడీ ఇళ్ళకు గడ్డికప్పు వేసేవాడు. కింద టీ కాగేలోపు పైనుంచే ఆ యుద్ధం కథ చెబుతూ ఒక వీరుణ్ణి చంపి దిగేవాడు. ఎక్కడ పాతారని అడిగితే "మా చేలోనే" అనేవాడు. పరాయివాడి చేను చూపడం మర్యాద కాదు కదా. జీవితమంతా అలా పాతుకుంటూ పోయాడు.

ఆ వసంతంలో మోకాళ్ళు పట్టేసి కప్పులెక్కడం మానేశాడు. ఇక బంగాళాదుంపలే దిక్కు. గుర్రాలూ నాగలీ ఉన్న పక్కచేను ఫెలిక్స్ డివైన్ సాయానికొచ్చి, గట్టు మీదే ఆగి టోపీ తీశాడు.

"ఎక్కడ దున్నమంటావురా? ఆ మూల మేయో జిల్లా కుర్రాడు. ముళ్ళపొద పక్కన డప్పువాడు. నడిమధ్య ఫ్రెంచివాడు, గుర్రంతో సహా."

"గుర్రం సంగతి నేను చెప్పలేదు."

"మా అమ్మ శవం దగ్గర జాగారం నాడు చెప్పావు. ఆమెకంటే గుర్రానికే ఎక్కువ ఏడ్చారు."

థేడీ భార్య హానర్ గుమ్మంలోంచి అందుకుంది. "చచ్చినవాళ్ళంతా మా చేలోనే పడుకుంటే బతికున్న ఇద్దరం ఏం తినాలయ్యా? నోరున్నవాడివేగా, చెప్పు."

అబద్ధమాడానంటే ఊళ్ళో తలెత్తుకోలేడు. నిజమంటే కుండలో దుంప ఉడకదు. థేడీ గొంతు సవరించుకున్నాడు.

"వాళ్ళిప్పుడు లేరురా. మరుసటేడే మేయో ఆడవాళ్ళు గాడిదబండ్లతో వచ్చి ఎముకలు ఏరుకుపోయారు."

"ఫ్రెంచివాణ్ణి కూడానా?"

"వాడికెవరున్నారు పాపం. జాలిపడి తీసుకెళ్ళారు."

"గుర్రాన్ని?"

"బండిలో పట్టలేదు. అయినా గుర్రం తిరుగుబాటు చెయ్యలేదుగా, దాని మీద దున్నొచ్చు."

ఫెలిక్స్ గడ్డం గోక్కున్నాడు. "అయితే ఆ ఎముకలు వెళ్ళిన దారి కూడా దున్నకూడదు. ఇంతకీ ఎటు వెళ్ళాయి?"

"నీ చేను మీదుగానే, ఫెలిక్సూ. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా."

ఫెలిక్స్ తన చేను వైపు ఒకసారి చూసి టోపీ పెట్టుకున్నాడు.

"కాదులే. రోడ్డెమ్మటే వెళ్ళాయని మా తాత చెప్పేవాడు," అని నాగలి దించి గుర్రాలను అదిలించాడు.