ఒకటి మార్కు మ్యాచ్

మా తమ్ముడు బొగ్గు బాయి, అంటే గని, జట్టులో ఫార్వర్డ్. ఎనభైలలో మా ఊళ్లో వానలు వెనకబట్టేసరికి బాయిల మధ్య ఫుట్‌బాల్ పోటీలు మొదలయ్యేవి. అప్పుడు నేనూ వాడూ ఇంట్లో ఒక ఆట ఆడేవాళ్లం. అన్ని జట్లలోంచి పదకొండు మందిని ఏరుకుని, ఎవరికి వాళ్లం ఊహలో ఒక జట్టు కట్టుకునేవాళ్లం. మనం ఏరుకున్నవాడు మైదానంలో గోల్ కొడితే మనకు పాయింట్లు. ఓడినవాళ్లు వారమంతా చాయ్ పెట్టాలి. ఏరుకునే ముందు తమ్ముడు ప్రతి మ్యాచ్‌కూ కష్టాన్ని బట్టి మార్కు వేసేవాడు. ఐదంటే గండం. ఒకటంటే నడుచుకుంటూ గెలవచ్చు. ఐదు పడిందంటే ఎంత మంచి ఫార్వర్డ్‌నైనా పక్కన పెట్టేసేవాడు.

ఆ ఏడు వాడికి దుబాయి వీసా వచ్చింది. బొంబాయిలో మెడికల్ పరీక్ష ఒక్కటే మిగిలింది. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం; ఆమెకు కంటిమీద కునుకు లేదు.

"గీ యాళ్ల ఆటలెందుకురా? కాలో చెయ్యో ఇరిగితె ఎట్ల?"

దాంతో వాడు ఆ మార్కులనే నిజం ఆటకూ వాడాడు. రెండో బాయి జట్టుతో మ్యాచ్‌కు ఐదు వేసి, ఆ రోజు జ్వరమని ఇంట్లో ఉండిపోయాడు. వాడి బదులు దిగిన కుర్రాడిని నుదురు చిట్లి మోసుకొచ్చారు.

"చూసినవా అక్కా!" అన్నాడు తమ్ముడు.

నాకు సంతోషం కలగలేదు. మా వంతు తప్పినట్టు కాక, వాయిదా పడినట్టు అనిపించింది.

తర్వాతి మ్యాచ్ బాయి జట్టుతో కాదు, ఆ ఏడు పోటీలకు పిలిచిన గోదావరి అవతలి ఊరి జట్టుతో. వాళ్లలో సగం మందికి బూట్లు కూడా లేవు.

"దీనికెంత ఏసినవు?" అని అడిగాను.

"ఒకటే. ఫికర్ జెయ్యకు. గిదొక్కటి ఆడి బొంబాయి పోత."

"జర ఆగరాదు? నాకెందుకో మంచిగనిపిస్తలే."

నవ్వి లేసులు బిగించుకున్నాడు.

ఆ మధ్యాహ్నం మబ్బు బాగా కిందికి దిగింది. బొగ్గు మసి కలిసిన మైదానం ముందురోజు వానకు నల్లగా, జారుడుగా ఉంది. మొదటి సగంలోనే తమ్ముడు రెండు గోల్స్ కొట్టాడు. జనం నవ్వుతున్నారు. నేనొక్కదాన్నే ఆఖరి విజిల్ కోసం చూస్తున్నాను. ఇంతలో వాడు బంతితో ముందుకు ఉరికాడు. ఎదురుగా వాళ్ల గోల్ కాసే గోలీ, పొడుగాటి బక్క పిల్లగాడు, వట్టి కాళ్లతో పరుగెత్తుకొచ్చాడు. ఆగబోయి ఆగలేక, జారి తమ్ముడి మీద పడ్డాడు. కట్టె విరిగినట్టు చప్పుడైంది. నవ్వులు ఆగిపోయాయి.

తమ్ముడి కాలి ఎముక వంకరగా అతికింది. వీసా గడువు దాటింది. వీసా తెచ్చిన ఏజెంటు మళ్లీ మా గడప తొక్కలేదు.

ఆ గోలీ మాత్రం ఒకరోజు వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. "అవ్వా, నాతోనే గిట్లయ్యింది," అన్నాడు. అవ్వ వాడి మొహంలోకి చూసింది. తిడుతుందని భయపడ్డాను. కానీ లోపలికి వెళ్లి అన్నం కంచం తెచ్చి వాడి ముందు పెట్టింది. వాడు తల వంచుకుని తిన్నాడు. తమ్ముడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తర్వాత తమ్ముడికి బాయి మీద ల్యాంప్ రూమ్‌లో పని దొరికింది. దిగేవాళ్లకు దీపాలిచ్చి, ఎక్కి వచ్చాక తీసుకోవడం. ఒక్క దీపం తిరిగి రాకున్నా, ఒక మనిషి ఇంకా కిందే ఉన్నట్టని, ఇంటికి కదిలేవాడు కాదు. వాడు వచ్చేదాకా అవ్వ వాకిట్లో కూర్చుని బాయి దిక్కే చూస్తుండేది.