కిటికీ బయట జమీందారు

డెబ్బైల చివర్లో తిరుత్తణిలో మా పక్కింటి అక్క మగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టేది, ఆదివారాలు చర్చిలో పిల్లలకు బైబిలు చెప్పేది. రక్తం తాగే జమీందారు ఒక పిల్లను ప్రేమించిన ఇంగ్లీషు కథను ఆమెకు చెప్పింది నేనే. మిగతా నేరం ఆమెది. నా కథలో అతను కిటికీ దూకి వచ్చేస్తాడు. అక్క మాత్రం షెడ్డు ఆడవాళ్లకు చెబుతూ అతన్ని మూడు వారాలు బయటే నిలబెట్టింది.

“పాపం, వానలో తడుస్తా ఉండాడు, లోపలికి రానీక్కా!”

“ఆ పిల్ల రమ్మనిందా? ముందు అడగమను.”

సంగతి పాస్టరుగారి దాకా వెళ్లింది.

“సిలువ చూస్తే దెయ్యం పారిపోవాల గదమ్మా? నీ కథలో ఆ పిల్ల మెడలో సిలువ చూసినా వాడు నిలబడుకోనే ఉండాడంట. అది మార్చు, లేకుంటే పిల్లలకు బైబిలు నువ్వు చెప్పొద్దు.”

అక్క మెడలోని సిలువ సర్దుకుంది. “ఇది దేవుని కోసరం వేసుకున్నానయ్యా, మొగోళ్లను తరిమేదానికి కాదు. వద్దనేదానికి నా నోరు చాలదా?”

ఆమె కథ మార్చలేదు. పాఠం చెప్పే పని పోయింది. మరుసటి ఆదివారం మామూలుగానే వచ్చి మొదటి వరుసలో చాప మీద కూర్చుంది. పాస్టరుగారు పిల్లలకు కొత్త టీచరును పరిచయం చేశారు. పిల్లలు మర్యాదగా దండం పెట్టి, అందరూ వచ్చి అక్క చుట్టూ కూర్చున్నారు. ఆ రోజు ప్రసంగం కొంచెం పొట్టిగా ముగిసినట్టు గుర్తు.