ఐలయ్య ఇంజను ఆగిన సాయంత్రం

తొంభై ఎనిమిదిలో మాదాపూర్ గుట్టల నడుమ అద్దాల మేడలు లేస్తున్నాయి గాని, వాటిని కడుతున్న మా నలభై గుడిసెల వాళ్లకు కరెంటు తీగ రాలేదు. మాకు కరెంటంటే ఐలయ్యే. బాలానగర్ షెడ్డులో పాతికేళ్లు ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. కాంట్రాక్టరు రేకుల కొట్టంలో పెట్టించిన డీజిల్ జనరేటర్‌ను రోజూ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా నడిపేవాడు.

ఆ మోతలో మామూలుగా మాట్లాడితే పక్కవాడికీ వినపడదు. అందుకని ఆ మూడు గంటలూ అందరూ అరుచుకునే కాపురాలు చేసేవాళ్లు. మొగుడూ పెళ్లాల తగువులూ, అత్తల మీద చాడీలూ అన్నీ అప్పుడే. ఉన్నట్టుండి ఇంజను ఆపితే ఎవరి నోట్లో మాట వాళ్ల పరువు తీస్తుందని, ఆపే ముందు ఐలయ్య దీపాలు మూడుసార్లు ఆర్పి వెలిగించేవాడు. అంత మర్యాదస్తుడు.

ఆయన భార్య పోయి ఆరేళ్లు. కూలీలకు వండిపెట్టే రత్నమ్మ కూడా ఒంటరిదే. రోజూ ఏడింటికి ఆయనకు అన్నం గిన్నె తెచ్చేది. ఆమెను పెళ్లి అడగాలని నెలరోజులుగా ఐలయ్య నోరు తెరవడం, మూయడం. ఆ రోజు గడ్డం గీసుకున్నాడు, తల దువ్వుకున్నాడు, ట్యాంకులో డీజిల్ పోయడం మాత్రం మరిచాడు.

"రత్నమ్మా, నన్ను చేసుకుంటవా?"

"ఏందీ?" రత్నమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టింది.

"నన్ను చేసుకుంటవా అంటున్న!"

"ఇంజన్ మోతల ఇనపడ్తలేదు, జర గట్టిగ చెప్పు!"

ఐలయ్య ఛాతీ నిండా గాలి పీల్చి, "నువ్వు రాని దినం నాకు బువ్వ సయిస్తలేదు, నన్ను పెండ్లి చేసుకో!" అని అరిచాడు. మొదటి రెండు మాటల దగ్గరే ఇంజను దగ్గి ఆగిపోయింది. మిగతాది నలభై గుడిసెలూ విన్నాయి.

చీకటి. డీజిల్ అయిపోయి పైపులోకి గాలి చేరింది. పైపు నట్టు వదులు చేసి ఆ గాలి తీస్తేగాని ఇంజను లేవదు. ఐలయ్య డీజిల్ పోసి, టార్చి రత్నమ్మకిచ్చి, పానా పట్టుకుంటే అది నట్టు మీది నుంచి రెండుసార్లు జారింది.

"ఏం పిల్లా, ఉలకవు పలకవు?" ముసలి సత్తెమ్మ తన గుడిసెలోంచే కేకేసింది. "మా అందరికి ఇనపడ్డది, నీకు ఇనపడలేదా?"

"మొదటిపారే ఇనపడ్డది పెద్దమ్మా," అంది రత్నమ్మ. "నెల దినాల సంది చూస్తున్న. ఇంకో రెండుపార్లు చెప్పించుకుందామని ఊకున్న."

గుడిసెలన్నీ గొల్లుమన్నాయి.

"మరి ఏమంటవే?" సత్తెమ్మ వదల్లేదు.

"చేసుకుంట గని..." రత్నమ్మ టార్చి ఐలయ్య చేతిలో పెట్టి పానా లాక్కుంది. "గీ వణుకుడు చేతులతోని గాలి తీస్తే తెల్లారుతది. నువ్వు లైటు పట్టు."